కదలని తూకం

నాది కాటాలు బాగుచేసే పని. ముక్కు మీద కోపం ఉన్నవాణ్నని బజారంతా అంటుంది, నిజమే. తప్పుడు తూకం చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. కూరగాయల కొట్లో తక్కెడ దగ్గర్నుంచి గోదాం ముందు లారీలెక్కే కాటా దాకా, ఈ ఊళ్లో నా చెయ్యి పడనిది లేదు.

నాకో అలవాటుంది. మనిషి ఎక్కే కాటాని సరిచూడాలంటే ఇరవై కిలోల తూకపు రాళ్లు మూడైనా మోసుకెళ్లాలి. నడుం పట్టేసిన ఏడాది అది మానేశాను. పొద్దున్నే షాపు తలుపు తీయగానే, నోట్లో నీళ్లయినా పోసుకోకముందు, నా సొంత కాటా ఎక్కి నిలబడతాను. అది ఎంత చూపిస్తే ఆ పూటకి నేను అంత బరువున్న తూకపు రాయిని. పని జరిగే చోటికి వెళ్లి అక్కడి కాటా ఎక్కుతాను. అది అదే మాట చెప్తే సరే, లేదంటే దాని పొట్ట విప్పుతాను. తిండి మాత్రం పని అయ్యాకే.

తమ్ముడు నన్ను దీనికే ఏడిపించేవాడు. "రోజూ ఎక్కడం దేనికన్నయ్యా, ఒకసారి తూచుకుని గోడ మీద రాసిపెట్టుకోరాదూ?" అనేవాడు. ఒళ్లు రాయి కాదురా, నిన్నటి బరువు ఇవాళ ఉండదు, వంద గ్రాములో రెండొందలో అటో ఇటో కదిలి తీరుతుంది అని వాడికి చెప్పేవాణ్ని. ఈ మాట నా నోటితో నేనే అన్నానని గుర్తుపెట్టుకోండి. నేను గుర్తుపెట్టుకోలేదు.

తమ్ముడు బస్సు డిపోలో మెకానిక్కు. డిపోలో సమ్మె జరిగినప్పుడు ముందు వరసలో నిలబడ్డాడని మూడేళ్లు వేసి, రాళ్లు కొట్టే క్యాంపుకి పంపారు. ఆ క్యాంపులో ఖైదీలకి తిండి సరిగ్గా పెట్టడం లేదని ఎవరో పైకి రాశారట. పైనుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. నెలకోసారి ప్రతి ఖైదీనీ కాటా ఎక్కించాలి, కాటా తనంత తాను అచ్చు వేసే టికెట్టుని ఇంటివాళ్లకి ఇవ్వాలి. చేత్తో రాసింది చెల్లదు. మంచి ఉత్తర్వే అనుకున్నాం. ఆ మరుసటి నెల నుంచి ములాఖతులు ఆపేశారు. టికెట్టు చేతికొస్తోందిగా, ఇంక మనిషిని చూసేదేముంది అన్నారు.

అప్పట్నుంచి నెలలో మొదటి సోమవారం ఊళ్లోని జైలాఫీసు కిటికీ దగ్గర మా క్యూ. నాతో పాటు మరదలు వచ్చేది. ఆమె మందుల కంపెనీలో అట్టపెట్టెలు మడిచే పని చేస్తుంది. సోమవారం సెలవు పెట్టి, జడ బిగించి కట్టుకుని, నాకన్నా ముందే వీధి చివర నిలబడి ఉండేది. టికెట్టు అంటే అగ్గిపెట్టెంత అట్టముక్క. ఒక పక్క ఖైదీ నంబరు, రెండో పక్క బరువు. తమ్ముడి నంబరు నాలుగు వందల పద్ధెనిమిది.

మొదటి టికెట్టు అరవై ఎనిమిది కిలోల రెండొందలు. తర్వాతది అరవై ఆరు. ఆ తర్వాత అరవై నాలుగున్నర. మరదలు ఆ అట్టముక్కల్ని వంటింట్లో ఒక తీగకి గుచ్చేది. నేను కోపంతో అర్జీలు రాసేవాణ్ని. ఇంకో రెండు నెలలకి అరవై ఒకటి నాలుగొందలకి దిగాడు. ఆ తర్వాత ఆగింది. మరుసటి నెలా అరవై ఒకటి నాలుగొందలే. ఆ పై నెలా అంతే.

నేను పొంగిపోయాను. "ఒంటికి తిండి పట్టిందమ్మా. ఇంక దిగడు," అన్నాను. మరదలు ఆ రోజు కిటికీ దగ్గరే ముఖం కప్పుకుని ఏడ్చింది. సంతోషంతో. ఆర్నెల్లుగా మొదటిసారి పూర్తిగా అన్నం తిన్నానని మర్నాడు చెప్పింది.

కాటాలవాడు క్యూలో ఉన్నాడని తెలిశాక అందరూ టికెట్లు నాకే చూపించేవాళ్లు. కాటా అన్నయ్య అని పేరు పెట్టారు. నాడి చూసే వైద్యుడిలా నేనూ టికెట్లు వెలుతురుకి పట్టి చూసి తీర్పు చెప్పేవాణ్ని. ఆ గౌరవం కాస్త తలకెక్కిందనే చెప్పాలి. బట్టలు కుట్టే ఒకావిడ ఉండేది, టైలరమ్మ అనేవాళ్లం. వాళ్లాయన యాభై ఏడు ఎనిమిదొందల దగ్గర నాలుగు నెలలుగా నిలిచాడు. "నీకేం దిగుల్లేదు, నిబ్బరంగా ఉన్నాడు," అన్నాను. ఆవిడ మా అందరికీ చేతిరుమాళ్లు కుట్టి తెచ్చిపెట్టింది. ఇంకో పెద్దమ్మ ఉండేది. ఆమె కొడుకు నెలనెలా కిలో, కిలోన్నర చొప్పున కరిగిపోతున్నాడు. ఆమె టికెట్టు చూసినప్పుడల్లా నేను నాలుక చప్పరించేవాణ్ని. అర్జీ పెట్టుకో పెద్దమ్మా అనేవాణ్ని. మిగతా ఆడవాళ్లు ఆమెని జాలిగా చూసి, కాస్త ఎడంగా నిలబడేవాళ్లు.

తమ్ముడు అరవై ఒకటి నాలుగొందల దగ్గర ఆగాక ఏడో నెల అది. ఆ సోమవారం కిటికీ తెరిచి గుమాస్తా, "టికెట్లు లేవు. కాటా బిగుసుకుపోయింది," అన్నాడు. క్యూ గోల పెట్టింది. పక్కనున్నవాళ్లు నన్ను ముందుకి తోశారు. నేను కాటాలవాణ్నని, నన్ను పంపితే ఒక్క పూటలో సరిచేస్తానని చెప్పాను. గుమాస్తా లోపలికి వెళ్లి ఎవరితోనో ఫోనులో మాట్లాడి వచ్చాడు. బుధవారం పొద్దున్న జీపు వస్తుందన్నాడు, టికెట్లు పై సోమవారం ఇస్తామన్నాడు.

కాటా సంగతి నాకెందుకు, తమ్ముణ్ని కళ్లారా చూడొచ్చు. ఏడాదిగా ఎవరికీ దక్కనిది నాకు దక్కుతోంది. మరదలు మంగళవారమంతా ఏం చెప్పి పంపాలా అని తర్జనభర్జన పడి, చివరికి రెండు మాటలే తేల్చింది.

"నేను పంపిన బనియన్లు అందాయో లేదో అడగండి బావగారూ. నీలం దారంతో గుర్తు కుట్టాను. ఇంకోటి, వెళ్లేముందు ఆయన బాగుచేసిన కుళాయి ఇప్పటిదాకా ఒక్క చుక్క కారలేదని చెప్పండి. గొప్పగా ఫీలవుతారు."

బుధవారం పొద్దున్న నా కాటా ఎక్కాను. అరవై రెండు మూడొందలు.

క్యాంపు గేటు దగ్గర జేబులు తిరగేయించారు. పెన్సిలూ, కాగితం ముక్కా తీసేసుకున్నారు. స్పానర్లు ఒక్కొక్కటే లెక్కపెట్టి లోపలికి వదిలారు. తూకం వేసే చోటు ఒక పొడుగాటి రేకుల షెడ్డు. అందులో తెల్లగా లేనిది ఒక్కటీ లేదు. నేల, దూలాలు, కిటికీ ఊచలు, నీళ్ల కుండ, అన్నిటి మీదా రాతి పొడి వేలిమందాన పేరుకుని ఉంది. అడుగు వేస్తే చప్పుడు కాదు. వెనక్కి తిరిగి చూస్తే నా అడుగుల ముద్రలు మాత్రం వరసగా ఉన్నాయి.

హెడ్ వార్డరు నున్నగా గీసుకున్న గడ్డంతో, మర్యాదగా మాట్లాడే మనిషి. "రండి మేస్త్రీగారూ. మా దగ్గర అంతా రూలు ప్రకారం. కాటా ఏది చెప్తే అదే టికెట్టు. మేం ఒక్క అంకె చేత్తో రాయం," అన్నాడు. నాకు నమ్మకం కుదరలేదు. కాటాలోనే మోసం పెట్టి ఉంటారు, పట్టుకుని వీడి ముఖాన కొట్టాలి అనుకుంటూ కూర్చున్నాను.

పలక ఎత్తి చూశాను. కింద మీటలన్నీ రాతి పొడిలో కూరుకుపోయి ఉన్నాయి. పొడి పేరుకోవడం వింతేమీ కాదు. కానీ మనుషుల కాళ్ల నుంచి రాలితే పలక చుట్టూ అంచుల్లో రాలాలి. ఇది సరిగ్గా నడిమధ్య కుప్పపడి ఉంది. అందులో గోనె పీచు కూడా ఉంది. చెక్క బ్రష్షుతో అంతా దులిపి, నూనె తుడిచి, పలక బిగించి ఎక్కి నిలబడ్డాను. ముల్లు ఊగి ఊగి అరవై రెండు మూడొందల దగ్గర ఆగింది.

కాటాలో మోసం లేదు. నా జన్మలో నిజం చెప్పే కాటాని చూసి ఉసూరుమన్నది ఆ ఒక్కసారే.

"మళ్లీ బిగుసుకుంటుందేమో. తూకాలయ్యేదాకా ఉండండి," అన్నాడు హెడ్డు. నాకు కావలసిందీ అదే. కాటా పక్కన పీట వేసుకుని కూర్చున్నాను.

షెడ్డు అవతలి తలుపు తీశారు. ఖైదీల వరస లోపలికి వచ్చింది. తల వెంట్రుకలు, కనుబొమలు, పెదాలు, అన్నీ ఆ పొడి రంగే. అన్నదమ్ముల్లా అందరూ ఒకేలా ఉన్నారు. వాళ్లలో మా వాణ్ని ఎలా పోల్చుకోవాలో తెలియక ఒక్కొక్క ముఖమూ వెతుకుతున్నాను. హెడ్డు నంబరు చదువుతాడు. మనిషి "ఉన్నా" అంటాడు, ఎక్కుతాడు. ముల్లు ఊగి ఆగుతుంది. వార్డరు పిడి నొక్కుతాడు. టక్‌మని టికెట్టు పడుతుంది. మనిషి దిగుతాడు. ఆ టక్ చప్పుడు తప్ప షెడ్డులో మరో చప్పుడు లేదు. దగ్గైనా వినపడలేదు. అంత పొడిలో అంతమంది దగ్గకుండా ఎలా ఉన్నారా అనుకున్నాను.

వరసలో మనుషుల మధ్య అక్కడక్కడా గోనెసంచులు ఉన్నాయి. మోకాలెత్తు, మూతి బిగించి కట్టినవి. కాటా సరిచూడటానికి తెచ్చిన బరువులేమో అనుకున్నాను. వరస ఒక అడుగు ముందుకి జరిగితే, వెనక మనిషి వంగి సంచిని ఒక అడుగు ముందుకి జరుపుతున్నాడు. ఎవరూ చెప్పకుండానే. సంచికీ ముందు మనిషికీ మధ్య, మనిషికీ మనిషికీ ఉన్నంతే ఎడం ఉంచుతున్నాడు.

"మూడు వందల తొంభై ఒకటి," అన్నాడు హెడ్డు.

వరసలోంచి ఒక గొంతు "ఉన్నా" అంది. ఇద్దరు మనుషులు ఒక సంచిని చెరో కొసా పట్టి ఎత్తి పలక మీద నిలబెట్టారు. పడిపోకుండా ఒకడు దాని చెవి పట్టుకుని, అది కుదురుకున్నాక మెల్లగా చెయ్యి తీసేశాడు. ముల్లు ఊగింది. యాభై ఏడు ఎనిమిదొందలు. టక్. టికెట్టు పడింది. సంచిని దించి, అవతలి గోడ పక్కన, తూకం అయిన మనుషుల వరసలో, దాని చోట దాన్ని పెట్టారు.

నాకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక హెడ్డు వైపు చూశాను. హెడ్డు తల ఎత్తనైనా లేదు. తర్వాతి నంబరు చదివాడు. ఒక మనిషి ఎక్కాడు. ఆ తర్వాత ఇద్దరు. ఆ తర్వాత మళ్లీ ఒక సంచి, మళ్లీ "ఉన్నా" అనే గొంతు. నేను ముఖాలు చూడటం మానేసి సంచుల మీద తారుతో రాసిన అంకెలు చూడటం మొదలుపెట్టాను. నాలుగు వందల పద్ధెనిమిది వద్దు, వద్దు అని లోపల అనుకుంటూనే ఉన్నాను. వరసలో ఎనిమిదో చోట ఉంది.

దాని మూతి బనియను పీలికతో కట్టి ఉంది. పీలిక అంచున నీలం దారం.

"నాలుగు వందల పద్ధెనిమిది."

"ఉన్నా."

పలక మీద నిలబెట్టారు. సంచి భుజాల దగ్గర పట్టిన పొడిని ఒకడు అరచేత్తో తుడిచాడు. ముల్లు అరవై ఒకటి నాలుగొందల దగ్గర ఆగింది. మనిషంత బరువు రాయి మోకాలెత్తే ఉంటుంది. నలభై ఏళ్ల నుంచీ బరువులతోనే బతుకుతున్నవాణ్ని, ఆ సంగతి అంతకుముందెప్పుడూ ఆలోచించలేదు.

"ఆగండి," అన్నాను. "ముల్లు వణుకుతోంది. మీట చూడాలి."

హెడ్డు సరేనన్నట్టు చెయ్యి ఊపి, రిజిస్టరు పట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్లాడు. నేను సంచి ముందు మోకాళ్ల మీద కూర్చున్నాను. సంచి చెవి పట్టుకున్న మనిషి వంగి, పెదాలు కదపకుండా అడిగాడు.

"కాటా అన్నయ్యవి నువ్వేనా?"

తలూపాను.

"నీ గురించి రోజూ చెప్పేవాడు. నిన్ను నువ్వే తూచుకుంటావంట కదా." ఆగాడు. "మూడు రాత్రులు దగ్గాడన్నా. నాలుగో రోజు లేవలేదు. ఆ ముందు నెల తూకం ఎంతుందో అంతా నింపి పెట్టమన్నారు మమ్మల్ని. టికెట్టు మిషనే కొట్టాలి కదా, అందుకు."

"ఎప్పుడు?"

"ఏడు నెలలైంది."

నేను స్పానరుతో ఖాళీగా తిప్పుతున్నాను. అతను ఇంకా మెల్లగా అన్నాడు. "నెలనెలా కాస్త తీయండి, కాస్త పోయండి, నిజంలా ఉంటుంది అన్నాడు హెడ్డు. మేం అట్లా చెయ్యలేదు. అప్పటికే ఒకడి సంచి వరసలో ఉంది, అది చూసి పోయేముందు మీవాడే చెప్పాడు. నా సంచి గ్రాము కూడా కదలనివ్వద్దు, టికెట్టు మా అన్న చూస్తాడు, కదలకపోతే పట్టేస్తాడు, బయట అందరికీ చెప్తాడు అని. సంచి కారుతుంది కదన్నా. కారినంత ఏరి మళ్లీ పోస్తాం. ఒకసారి దొరికిపోతే ఇద్దరికి వీపులు చిట్లిపోయాయి. అయినా కదలనివ్వలేదు. ఆరుగురివీ అంతే." అతని కళ్లు నా ముఖం మీద ఉన్నాయి. "పట్టేశావు కదా? అందుకేగా వచ్చావు?"

నేను అవునన్నాను. అంతకన్నా పెద్ద అబద్ధం నేనెప్పుడూ ఆడలేదు. ఆ ఒళ్లంతా తెల్లటి మనిషి ముఖంలో ఏదో సడలింది, నవ్వు లాంటిది.

సంచి మీద చెయ్యి వేశాను. చల్లగా ఉంది. "కుళాయి కారడం లేదురా," అన్నాను.

తూకాలు అయిపోయాయి. వరస వచ్చినంత నిశ్శబ్దంగా వెళ్లిపోయింది, సంచులతో సహా. నా సామాను సర్దుకుంటుంటే హెడ్డు వచ్చి పక్కన నిలబడ్డాడు.

"నాలుగు వందల పద్ధెనిమిది మీ తమ్ముడే కదూ. చూశారుగా, వరసలో ఉన్నాడు. ఇంట్లో చెప్పండి, కులాసాగా ఉన్నాడని." గొంతులో ఎక్కడా కరుకుదనం లేదు. "ఒకసారి మీరు కూడా కాటా ఎక్కండి మేస్త్రీగారూ."

"నేను పొద్దున్నే ఎక్కాను."

"మాకోసం ఎక్కండి."

ఎక్కాను. ఆయనే పిడి నొక్కాడు. టక్. అరవై రెండు ఒక వంద. చెమటకి రెండొందలు పోయింది. ఆ టికెట్టుని తన చొక్కా జేబులో పెట్టుకుని, గుండీ పెట్టుకుని, "ఇది మా దగ్గర ఉంటుంది లెండి," అన్నాడు.

ఇంటికొచ్చేసరికి సాయంత్రమైంది. మరదలు వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. వెనక తీగకి టికెట్లు వేలాడుతున్నాయి.

"బనియన్లు అందాయా బావగారూ?"

"అందాయి."

"తొడుక్కున్నారా?"

తీగ దగ్గరికి వెళ్లి చివరి టికెట్లు చూపించాను. ఆరూ ఒకే అంకె. "మనిషి ఇలా ఉండడమ్మా. రాయి ఉంటుంది," అన్నాను. ఆమె ఆ టికెట్లని ఒక్కొక్కటే తిప్పి చూసి, "మంచిదన్నది మీరే కదా," అంది. నిందించినట్టు కాదు, మర్చిపోయిన సంగతి గుర్తుచేసుకుంటున్నట్టు. వాడు చావుబతుకుల్లో కూడా నా తెలివిని నమ్మి కబురు పంపాడు. వీపులు చిట్లించుకుని ఆ మనుషులు దాన్ని నెలనెలా అందించారు. నేను చేతిలో పట్టుకుని, వెలుతురుకి ఎత్తి చూసి, శుభవార్త అని చాటాను. ఆర్నెల్లపాటు ఆమె చేత కడుపునిండా అన్నం తినిపించాను.

ఆ నాలుగు రోజులూ ఆమె నాతో మాట్లాడలేదు. ఆదివారం పొద్దున్న మాత్రం వచ్చి, "రేపు మిగతావాళ్లకి ఎవరు చెప్తారు?" అని అడిగింది. హెడ్డు జేబులో ఉన్న నా టికెట్టు సంగతి అప్పుడు చెప్పాను. "నా పేరుతో ఎప్పుడైనా టికెట్లొస్తే వందల గ్రాముల అంకె కదులుతోందో లేదో చూడు," అన్నాను. ఆమె సరేనని తలూపింది. ఆ టికెట్టు వాళ్లెందుకు ఉంచుకున్నారని గానీ, అయితే రేపు వెళ్లద్దని గానీ అనలేదు.

సోమవారం ఆలస్యంగా వచ్చిన టికెట్లు పంచారు. ఎప్పట్లాగే అందరూ నా చుట్టూ చేరారు. పెద్దమ్మ కళ్లు తుడుచుకుంటూ అట్టముక్క అందించింది.

"ఇంకో కిలోన్నర దిగాడు నాయనా."

సులువైంది ముందు చెప్పాను. "దిగాడంటే బతికున్నాడు పెద్దమ్మా. నీ కొడుకు ఆ వరసలో తన కాళ్ల మీద నిలబడి కాటా ఎక్కాడు. నేనిన్నాళ్లూ తిరగేసి చెప్పాను." ఆమెకి అర్థం కాలేదు. ఆ మాటకి చుట్టూ ఉన్నవాళ్లు మాత్రం మాటలాపారు.

టైలరమ్మ జనాన్ని తప్పించుకుని ముందుకొచ్చింది. ఆమె చేతిలో ఐదు టికెట్లు, మూల మూలకి కలిపి పట్టుకుంది. ముఖమంతా నవ్వు.

"చూడన్నయ్యా, మా ఆయన ఈసారీ అంతే. గ్రాము కూడా కదల్లేదు."

మరదలు నా పక్కనుంచి వెళ్లి టైలరమ్మ నడుం చుట్టూ చెయ్యి వేసి పట్టుకుంది. ఆవిడ అదేంటన్నట్టు ఆమె వైపు చూసింది, నవ్వు ఇంకా అలాగే ఉంది. నేను చెయ్యి చాపి ఆ ఐదు టికెట్లూ అందుకున్నాను.